బాలాపరాధి విషయమున మన కర్తవ్యము

ఈ సంవత్సరము మా పాఠశాల వక్తృత్వ సంఘము వారొక శుక్రవారము సాయంకాలమున "ఘోరమైన నేరము చేసిన బాలుని పెద్దవానివలెనే విచారించి, పెద్దవానివలెనే శిక్షింపవలెను" అను తీర్మానమును చర్చకు పెట్టిరి. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు రెండు పక్షములుగా నిలిచి మిక్కిలి యుత్సాహముతో వాదించిరి. వాదములు ముగిసిన పిమ్మట అధ్యక్షులు సభ్యుల యభిప్రాయము కోరగా, సభలో నాలుగింట మూడుపాళ్ల చేతులు తీర్మానమునకు అనుకూలముగా పైకి లేచినవి. కొందరు ఉరిశిక్షయే తగునని కేకలు కూడ వేసిరి. ఆ చేతు లెత్తినవారందరును పదునాలుగు మొదలు పదునాఱేండ్ల ప్రాయమువారు. అనగా ఏ బాలుర గుఱించి తీర్పు చెప్పుచుండిరో ఆ బాలుర యీడువారే.

సభ ముగియబోవుచుండగా వెనుకబల్లమీద కూర్చున్న ఆఱవ తరగతి పిల్లవాడొకడు లేచి, "అయ్యా, చచ్చిపోయిన పిల్లవాడి అమ్మకు మనమేమి చెప్పాలి?" అని యడిగెను. ఎవరును నవ్వలేదు. అనుకూలపక్షమువారికి గాని ప్రతికూలపక్షమువారికి గాని సమాధానము తోచలేదు. అధ్యక్షులు గంట కొట్టించి సభను చాలించిరి. నాటినుండి ఆ ప్రశ్న మమ్ము విడువకున్నది. సభవారు నెగ్గించిన తీర్మానమును మే మంగీకరింపము. ఐనను ఆ పిల్లవాని ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పలేనియెడల మా యనంగీకారమునకు విలువ లేదని యెఱుగుదుము. కావుననే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించితిమి.

ముందుగా జరిగిన సంగతులను స్మరింతము. 2012 డిసెంబరు 16వ తేదీ రాత్రి ఢిల్లీ నగరమున నడచుచున్న బస్సులో నొక యువతిపై జరిగిన దారుణము ఇప్పటి మా విద్యార్థులు పసిబిడ్డలుగా నున్ననాటి మాట. ఆమె మృత్యువుతో పోరాడి డిసెంబరు 29న సింగపూరు ఆసుపత్రిలో కన్నుమూసెను. నిందితులు ఆఱుగురు. ఒకడు విచారణ ముగియకముందే చెఱసాలలో మరణించెను. నలుగురు 2020 మార్చి 20న ఉరితీయబడిరి. ఆఱవవాడు నేరము జరిగిననాటికి పదునెనిమిదేండ్లు నిండనివాడగుటచే బాలన్యాయ మండలి యెదుట నిలువబడెను. మండలివారు 2013 ఆగస్టు 31న వానికి మూడేండ్లు ప్రత్యేక గృహమున నుండవలసినదని తీర్పు చెప్పిరి. నాటి చట్టము ప్రకారము అంతకు మించి విధించుటకు వారికి వీలు లేదు. 2015 డిసెంబరు 20న వాడు విడుదలయ్యెను. దేశమంతయు కోపముతో నుడికిపోయెను. రెండు దినములకే, డిసెంబరు 22న, రాజ్యసభ క్రొత్త బాలన్యాయ చట్టమును ఆమోదించెను. అది 2016 జనవరి 15 మొదలు అమలులోనికి వచ్చెను.

ఈ చట్టము చెప్పునదేమి? ఏడేండ్లకు తక్కువకాని కనిష్ఠశిక్ష గల నేరములను ఘోరనేరములని పేర్కొని, పదునాఱు మొదలు పదునెనిమిదేండ్లలోపు బాలుడు అట్టి నేరము చేసెనను ఆరోపణ వచ్చినప్పుడు బాలన్యాయ మండలి యొక ప్రాథమిక విచారణ జరుపవలెనని యిది విధించుచున్నది. ఆ నేరము చేయుటకు వానికి శరీరబలమును మనోబలమును కలవా, దాని ఫలితమును తెలిసికొనగల శక్తి వానికున్నదా, ఎట్టి పరిస్థితులలో చేసెను అను విషయములను మూడు నెలలలో తేల్చి, తగునని తోచినచో పెద్దవానివలె విచారించుటకు పిల్లల న్యాయస్థానమునకు పంపవచ్చును. అట్లు శిక్షపడినవాడు ఇరువదియొక్క యేండ్లు వచ్చువఱకు సురక్షితస్థానమున నుండి, అప్పటికిని మాఱలేదని న్యాయస్థానమునకు తోచినయెడల కారాగారమునకు పోవును. ఐనను పదునెనిమిదేండ్లలోపు నేరము చేసినవానికి మరణశిక్ష గాని, విడుదలకు ఆశయే లేని యావజ్జీవశిక్ష గాని విధింపరాదని ఆ చట్టమే నిషేధించుచున్నది. మా సభలో ఉరి ఉరి యని కేకలు వేసిన విద్యార్థులు ఈ సంగతి తెలిసికొందురు గాక.

బాలుని వేఱుగా చూడవలెననునది నిన్న మొన్న పుట్టిన మాట కాదు. మన యాంధ్రజిల్లాలు చేరియున్న మదరాసు రాజధానిలో 1920లోనే పిల్లల చట్టము చేయబడెను. ఇట్టి చట్టము చేయుటలో భారతదేశమున మదరాసే మొదటిది. వంగదేశము 1922లోను, బొంబాయి 1924లోను దాని ననుసరించినవి. దేశమంతటికిని ఒక్కటియైన చట్టము 1986లో వచ్చినది. అందు బాలురకు పదునాఱు, బాలికలకు పదునెనిమిది యేండ్లు హద్దుగా నుండెను. 1989లో ఐక్యరాజ్యసమితి యంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో మనదేశము 1992లో చేరెను. తదనుసారముగా 2000 సంవత్సరపు చట్టము ఇరువురికిని పదునెనిమిదేండ్లే హద్దని నిర్ణయించెను. ఢిల్లీ దారుణము జరిగిన పిమ్మట నేర్పడిన జస్టిసు వర్మ సంఘము 2013 జనవరిలో సమర్పించిన నివేదికయందు నేరస్థులపట్ల కఠినములైన సూచనలు పెక్కు చేసియు, ఈ వయస్సు హద్దును తగ్గింపవలదనియే చెప్పెను.

ఇంతకంటె ప్రాచీనమైన సాక్ష్యము మన భారతమునందే కలదు. ఆదిపర్వమున మాండవ్యముని కథను మా విద్యార్థు లెఱుగుదురు. మౌనవ్రతమున తపస్సు చేసికొనుచున్న ఆ మునిని దొంగలతోడివాడని తలచి రాజభటులు కొఱ్ఱున వేయించిరి. నేనేమి పాపము చేసితినని ఆయన యమధర్మరాజు నడుగగా, చిన్ననాడు తూనీగలను పుల్లలకు గ్రుచ్చి హింసించిన దానికి ఫలమిది యని ధర్మరాజు చెప్పెను. ముని కోపించి, తెలిసీ తెలియని ప్రాయమున చేసినదానికి ఇంతటి దండనమా యని ధర్మునే శపించి, పదునాలుగేండ్లలోపు చేసిన పనికి పాపము లేదని మర్యాద నేర్పఱచెను. ధర్మరాజు విదురుడై పుట్టుటకు ఆ శాపమే కారణము. దండించు దేవతకే దండనము తప్పలేదన్నమాట. ఐనను ఆ కథయందు మన మొక సంగతి మఱవరాదు. తూనీగలు నిజముగా హింసపడినవి. వాని పక్షమున మాటలాడినవా డెవడును లేడు. మా ఆఱవ తరగతి పిల్లవాని ప్రశ్న ఆ తూనీగల పక్షపు ప్రశ్న.

ఎదుటిపక్షమువారి వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. వారు ముఖ్యముగా మూడు మాటలు చెప్పుదురు. పదునేడేండ్లవాడు మంచిచెడ్డల నెఱుగనివాడు కాడనునది మొదటిది. శిక్ష స్వల్పమగుటచే దుర్మార్గులైన పెద్దలు పిల్లలచేత నేరములు చేయింతురనునది రెండవది. బాధపడినవాని బాధ కొట్టినవాని వయస్సునుబట్టి తగ్గదనునది మూడవది. ఈ మూడింటిలోను సత్యమున్నది. ఐనను వానినుండి వారు తీయు సిద్ధాంతము మాత్రము సరి కాదని మా యభిప్రాయము.

మొదటి మాటను తీసికొందము. బాలునకు మంచిచెడ్డలు తెలియును, నిజమే. తెలియుట వేఱు, తెలిసినదాని ననుసరించి తన్ను తాను నిలుపుకొనుట వేఱు. ప్రహరీగోడ దూకరాదని మా విద్యార్థులందరికిని తెలియును. ఒంటరిగా నున్నప్పుడు దూకనివాడు నలుగురు స్నేహితులు చూచుచుండగా దూకును. ఇది మేము దినదినమును చూచుచున్న విషయము. మెదడు నుదుటివైపు భాగము, అనగా ఆవేశమును పట్టియుంచి మున్ముందు జరుగబోవుదానిని తలపోయు భాగము, ఇరువదియేండ్లు దాటిన పిమ్మటగాని పూర్తిగా పక్వము కాదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈడువారి మెప్పుకొఱకు ప్రాకులాట కౌమారమున నున్నంత బలముగా మఱి యే దశయందును ఉండదు. బాల్యమున తప్పుదారి పట్టినవారిలో పెక్కుమంది వయస్సు వచ్చినకొలది తామే దానిని విడిచిపెట్టుదురు. మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలన్నారు. ఆ సామెతను కఠినశిక్ష కోరువారు తమ పక్షమున చెప్పికొందురు. కాని దాని యర్థము మొక్క వంగుననియే కదా! వంగుదానిని నఱకుమని యా సామెత చెప్పలేదు.

రెండవ మాట. పెద్దలు పిల్లలను నేరములకు సాధనముగా వాడుకొనుట కద్దు. దానికి మందు సాధనమైన పిల్లవానిని విఱుచుట కాదు, వానిని పట్టుకొన్న చేతిని పట్టుట. పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వినియోగించు పెద్దవారికి ఏడేండ్ల వఱకు కఠినకారాగారవాసమును, ఐదు లక్షల రూపాయల జరిమానాయు ఈ 2015 చట్టముననే విధింపబడియున్నవి. ఆ విభాగము తఱచుగా వినియోగపడునట్లు చూచుట మేలు.

ఇక దేశమున బాలుర నేరములు పెచ్చు పెరిగి మితిమీఱినవను భయము కలదు. జాతీయ నేరనమోదు సంస్థవారి లెక్కల ప్రకారము 2022లో దేశమున నమోదైన నేరములు మొత్తము 58 లక్షల 24 వేలకు పైబడియున్నవి. అందు బాలురపై నమోదైనవి 30,555. అనగా నూటికి ఒకటికంటెను తక్కువ. పట్టుబడిన బాలురలో నాలుగింట మూడువంతులకు మించినవారు పదునాఱు మొదలు పదునెనిమిదేండ్లలోపువారు. ఒక్క నేరమైనను నేరమే, ఒక్క తల్లి శోకమైనను శోకమే. ఐనను ప్రళయము వచ్చినదని యెంచి చట్టమును కోపవశమున మార్చుటకు ఈ లెక్క యాధారము కాజాలదు. కఠినశిక్షవలన నేరములు తగ్గునా యన్న, అమెరికా దేశమున పిల్లలను పెద్దల న్యాయస్థానములకు పంపుట తఱచు. ఆ దేశపు వ్యాధినిరోధక కేంద్రమువారు 2007లో ప్రకటించిన యొక పండితసంఘపు నివేదిక, అట్లు పంపబడిన పిల్లలు బాలన్యాయ విధానముననే యుంచబడిన పిల్లలకంటె తరువాతి కాలమున హింసానేరముల కెక్కువగా దిగుచున్నారని తేల్చినది. పెద్ద నేరస్థుల నడుమ పెట్టినప్పుడు బాలుడు నేర్చునది వారి విద్యయే కదా!

ఈ వయస్సు తేల్చు పనియందు మనుష్యులెంత తడబడుదురో తెలుపు రెండు సంగతులు చెప్పుదుము. మొదటిది గురుగ్రామమున జరిగినది. 2017 సెప్టెంబరు 8న అచటి యొక పాఠశాలలో రెండవ తరగతి చదువు ఏడేండ్ల బాలుడు గొంతుకోయబడి మరణించెను. పోలీసులు మొదట బస్సు కండక్టరును పట్టుకొని, వాడు నేర మొప్పుకొన్నాడనిరి. దేశమంతయు వానిని దూషించెను. పిమ్మట విచారణ చేపట్టిన కేంద్రనేరపరిశోధకశాఖవారు కండక్టరు నిర్దోషి యనియు, అదే పాఠశాలలో పదునొకండవ తరగతి చదువు పదునాఱేండ్ల విద్యార్థి పరీక్షలను, తలిదండ్రుల సమావేశమును వాయిదా వేయించుటకై యీ పని చేసెననియు ఆరోపించిరి. ఆ విద్యార్థిని బాలునిగా విచారింపవలెనా, పెద్దవానిగా విచారింపవలెనా యను ప్రశ్న మండలినుండి సెషన్సు కోర్టునకును, అచటినుండి హైకోర్టునకును, తుదకు సుప్రీముకోర్టునకును ప్రాకి, మరల మండలికే వచ్చెను. సుప్రీముకోర్టు తీర్పు 2022 జూలై 13న వెలువడెను. బాలుడా కాడా యని తేలకముందే యా బాలునకు ఇరువదియేండ్లు దాటినవి! హత్యచేసెనా లేదా యను అసలు విచారణ అంతవఱకు మొదలేకాలేదు. చనిపోయిన బిడ్డ తలిదండ్రులును ఆ యేండ్లన్నియు కోర్టు గుమ్మములయందే గడపిరి. ఈ మదింపువలన ఎవరికి మేలు కలిగినది?

రెండవది పూనా నగరమున 1994లో జరిగిన హత్యల కథ. అందు దోషిగా తేలి మరణశిక్ష పొందిన యొకడు కారాగారమున నుండియే చదువుకొని, తన జన్మప్రమాణమును వెదకి తెప్పించుకొని, న్యాయస్థానముల నాశ్రయించెను. నేరము జరిగిననాటికి వాని వయస్సు పండ్రెండేండ్ల యాఱు నెలలని 2023 మార్చిలో సుప్రీముకోర్టు తేల్చి వానిని విడిపించెను. అప్పటికి వాడు చెఱలో నిరువదియెనిమిదేండ్లు గడపియుండెను. పండ్రెండేండ్లవానిని పెద్దవాడని పొరబడి ఉరికంబమువఱకు నడిపించిన దేశమునందు, పదునాఱేండ్లవాని మనస్సు నేరము చేసిన క్షణమున పెద్దదో చిన్నదో నెలలు గడచిన పిమ్మట కొలిచి చెప్పగలమనుట సాహసము. పైగా వాడు నేరము చేసెనని ఋజువు కాకముందే, చేసినట్లు ఎంచుకొని, వాని మనస్సును కొలువవలెను. తూనిక సరిలేని త్రాసుతో బంగారము తూచుటవంటి పని యిది. కావున ప్రాథమిక మదింపు అను నీ యేర్పాటును తొలగించి, పదునెనిమిదేండ్ల హద్దును అందరికిని సమానముగా నిలుపుట మంచిదని మా యభిప్రాయము.

ఇంతవఱకు చదివి, మేము నేరము చేసిన బాలురను ముద్దుచేయుచున్నామని చదువరులు తలపవలదు. పెద్దవానివలె శిక్షింపరాదనుట వేఱు. ఏమియు జరుగనట్లు పంపివేయుట వేఱు. 2024 మే 19వ తేదీ తెల్లవారుజామున పూనాలో పదునేడేండ్ల బాలుడు నడపుచున్నదని చెప్పబడిన విలువగల కారు ఢీకొని యిరువురు యువ యింజనీర్లు మృతిచెందిరి. బాలన్యాయ మండలి నాడే వానికి జామీను ఇచ్చుచు, రోడ్డు ప్రమాదములనుగూర్చి మూడువందల మాటల వ్యాసము వ్రాయవలెనను షరతు పెట్టెను. దేశమంతయు నివ్వెఱపోయెను. పిమ్మట బాలుని రక్తపు నమూనాను మార్పించిరని తండ్రిపైనను, వైద్యులపైనను ఆరోపణలు వచ్చి వారు నిర్బంధింపబడిరి. మూడువందల మాటల వ్యాసము మేము ఎనిమిదవ తరగతివారికి ఇంటిపనిగా ఇచ్చునది. రెండు ప్రాణముల కది వెలయైనప్పుడు ప్రజలు బాలన్యాయమునే యేవగించుకొనుటలో వింత లేదు. కఠినశిక్ష కోరువారిని పుట్టించునది ఇట్టి యలసత్వమే. ధనవంతుని బిడ్డకు వ్యాసమును, దరిద్రుని బిడ్డకు గోడలును లభించినచో అది దయ కాదు, పక్షపాతము.

మూడేండ్ల కాలము నిజముగా వినియోగింపబడినచో స్వల్పమైనది కాదు. పదునేడేండ్లవాని జీవితమున మూడేండ్లనిన ఎంతటి కాలమో మా పదియవ తరగతి విద్యార్థుల నడిగి చూడుడు. ఆ మూడేండ్లును గోడల నడుమ కాలక్షేపముగా గడపిన వ్యర్థము. ప్రతి బాలునకును చదువు, చేతిపని, మనస్తత్వమెఱిగిన వైద్యుని సహాయము, తాను చేసినదానిని పలుమాఱు ఎదురుగా నిలిచి చూచుకొను నేర్పు కలుగవలెను. విడుదలయైన పిమ్మట కొంతకాలము వానిని కనిపెట్టి చూచు పెద్దదిక్కు ఉండవలెను. మండలియందు న్యాయాధికారితోపాటు ఇరువురు సంఘసేవకులు కూర్చుండవలెననియు, వారిలో నొకరైన స్త్రీ యుండవలెననియు చట్టము చెప్పుటకు కారణము బాలుని సంపూర్ణముగా చూడవలెననుటయే. ఖాళీలు నింపక, గృహములకు తగిన జీతములిచ్చి తగినవారిని నియమింపక, చట్టము ఓడినదనుట న్యాయము కాదు.

ఇతరులను విమర్శించుట సులభము. మా తప్పును కూడ ఒప్పుకొనవలసియున్నది. మేము పూర్వము పనిచేసిన యొక పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు భోజనపు వరుసలో కలిగిన తగవులో తోడి విద్యార్థి కణతపై ఇనుప గరిటెతో కొట్టెను. నాలుగు కుట్లు పడినవి. దెబ్బ యంగుళము క్రిందికి దిగినచో కన్ను పోయెడిది. దెబ్బతిన్న బాలుని తండ్రి వచ్చి కేకలు వేసెను. మేమందరము సమావేశమై, రెండు దినములలో కొట్టిన బాలునకు బదిలీపత్రము వ్రాసి పంపివేసితిమి. ఆ పత్రమున నడవడి యనుచోట "తృప్తికరము" అని వ్రాసితిమి. లేనిచో మఱియొక బడివారు చేర్చుకొనరు గదా! ఎందుకు కొట్టితివని వానిని కూర్చుండబెట్టి యడిగినవారు మాలో నొక్కరును లేరు. వాడు మఱియొక బడిలో చేరెనో లేదో నేటికిని మాకు తెలియదు. అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి మఱియొకటి కలదు. దెబ్బతిన్న బాలుని కుట్లు విప్పించిన పిమ్మట, వాని మనస్సెట్లున్నదని కూడ మేమెవ్వరము అడుగలేదు. ఏడాది చివర వాడును వేఱుబడికి పోయెను. మేము కఠినముగా నుంటిమని కొందరు మెచ్చుకొనిరి. నిజమునకు ఇరువురి విషయమునను మే మేమియు చేయలేదు. చిక్కును గేటు వెలుపలికి త్రోసితిమి, అంతే.

దేశము చేయుచున్నదియు దీనివంటిదే. బాలుని పెద్దల చెఱకు పంపుట గాని, వ్యాసము వ్రాయించి యింటికి పంపుట గాని, రెండును త్రోసివేయుటయే. రెండింటియందును బాధితుని దిక్కు చూచువాడు లేడు.

ఇక మన కర్తవ్యము. తలిదండ్రులారా! పదునెనిమిదేండ్లు నిండని బిడ్డకు బండి తాళము ఇచ్చుట ముద్దు కాదు. 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము ప్రకారము, మైనరు నేరము చేసినచో వాహనపు యజమానికి గాని సంరక్షకునకు గాని మూడేండ్ల వఱకు జైలును, ఇరువదియైదువేల రూపాయల జరిమానాయు కలవు. వాహనపు రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. బిడ్డ చేతిలోని ఫోనులో నేమున్నదో, రాత్రి యెవరితో తిరుగుచున్నాడో తెలిసికొనుట మీ పని. 2022 మే 28న మన హైదరాబాదు జూబిలీహిల్సులో ఒక బాలికపై జరిగిన అత్యాచారపు కేసులో నిందితులుగా పేర్కొనబడిన ఆఱుగురిలో ఐదుగురు మైనర్లే. నేరము దరిద్రుల వాడలలోనే పుట్టునని యెవరును నిశ్చింతగా నుండరాదు. ఇంట తల్లిని తండ్రి కొట్టుచుండగా చూచి పెరిగినవాడు బలమున్నవానిదే మాట యని నేర్చుకొనును.

ఉపాధ్యాయులారా! విద్యాహక్కు చట్టము 2009లోనే బడిలో బెత్తమును నిషేధించినది. కొట్టుటవలన పిల్లవాడు నిశ్చయముగా నేర్చునది కొట్టుట యొక్కటే. తరగతిలో ఎవడు నలుగురిలో నవ్వులపాలగుచున్నాడో, ఎవడు నాలుగు దినములుగా మాటలాడకున్నాడో కనిపెట్టుట పాఠము చెప్పుటకంటె తక్కువ పని కాదు. గురుగ్రామమున ఆరోపణ నిజమైనచో, పరీక్షకు వెఱచి యంతటి పనికి తెగించిన విద్యార్థి భయము హత్యకు ముందు ఎవరి కంటను పడలేదన్నమాట.

విద్యార్థులారా! మీరు నాడు చేతులెత్తినది చెడ్డమనస్సుతో కాదని మే మెఱుగుదుము. చనిపోయినవారిపై జాలి కలిగియే యెత్తితిరి. ఆ జాలిని విడువకుడు. ఐతే మీ స్నేహితుడొకడు తప్పుపనికి పిలిచినప్పుడు, నలుగురు నవ్వినను, రానని చెప్పు ధైర్యము ఉరిశిక్షకు చేయెత్తుటకంటె కష్టమైనది. ఒక్కని నేరమున తఱచు నలుగురు ప్రేక్షకులుందురు. ఆ నలుగురిలో నొక్కడు వద్దని చేయి పట్టుకొన్నచో పెక్కు నేరములు జరుగకపోవును.

తుదకు ఆ చిన్నవాని ప్రశ్న. చనిపోయిన బిడ్డ తల్లికి మన మేమి చెప్పుదుము? వాడు పిల్లవాడమ్మా, క్షమింపుము అని చెప్పరాదు. క్షమించుటయు మానుటయు ఆమె సొత్తు. దానిని ఆమె చేతినుండి లాగుకొని దానముచేయుటకు మన మెవరము? మనము చెప్పవలసినది ఇది. అమ్మా, నీ బిడ్డను తెచ్చి యియ్యలేము. జరిగినది జరిగినట్లు, ధనవంతుని బిడ్డయనక దరిద్రుని బిడ్డయనక, ఆలస్యము లేకుండ తేల్చుదుము. తేలినదానిని మొట్టమొదట నీకే చెప్పుదుము. నేరము చేసిన బాలుని పేరును పత్రికలయందు వేయరాదని చట్టము చెప్పినది గాని నిన్ను గుమ్మము వెలుపల నిలుపుమని చెప్పలేదు. నీ మాట మండలివారు వినునట్లు చేయుదుము. వాడు తాను చేసినదేమో తెలిసికొను వఱకు వాని చదువు ముగిసినదని యనము. వాడు వెలుపలికి వచ్చు దినము నీకు ముందే తెలియజేయుదుము. నీ యింటికి మరల మరల వత్తుము. రెండవ బిడ్డను పోగొట్టుటవలన మొదటి బిడ్డకు న్యాయము జరిగినదని మాత్రము నీతో అబద్ధ మాడజాలము.

ఈ మాటలు ఆమె దుఃఖమునకు చాలునా? చాలవు. ఐనను ఇవి నిజముగా చేయదగినవి. వీనిలో నొక్కటియైన నేడు సరిగా జరుగుటలేదనియే మా వ్యథ.

వక్తృత్వ సంఘమువారికి మా విన్నపమొకటి. వచ్చు సంవత్సరము మఱియొక విషయమును చర్చకు పెట్టుడు: "మన పాఠశాలలో నొక విద్యార్థి చేత మఱియొక విద్యార్థి గాయపడినచో, ఆ యిరువురి విషయమునను మన మేమి చేయవలెను?" ఆనాడు చేతులెత్తుటతో సరిపెట్టక, ఒక్కొక్కరును తాను చేయగల పని యొకటి చెప్పవలెను. ఆఱవ తరగతి పిల్లవాడు అప్పటికి ఏడవ తరగతిలో నుండును. వానికి మాత్రము ముందుబల్లమీద చోటు ఇయ్యవలెను.